రంగును బట్టి స్కాచ్‌కు ధర కట్టరాదు

సంతోష్‌నగర్ సమీపంలోని మలక్‌పేట గంజిలో వర్తకుడు మిర్చి బస్తా విప్పి, రంగు, తేమ చూసి ధర కడతాడు. సింగిల్ మాల్ట్ స్కాచ్‌కు ఆ సూత్రం చెల్లదు. సీసాకు సీలు ఉంటుంది. రంగును నమ్మడానికీ లేదు. బ్రిటన్ 2009 నిబంధనలు రంగు కోసం క్యారమెల్ కలపడాన్ని అనుమతిస్తున్నాయి. ముదురు రంగు పాత సరుకుకు రుజువు కాదు.

ఒకే డిస్టిలరీలో మొలకెత్తించిన బార్లీతో రాగి బట్టీల్లో కాచి, ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు నిల్వ ఉంచినదే సింగిల్ మాల్ట్. సీసాపై 12 ఏళ్లని ఉంటే అది అందులోని అతి తక్కువ వయసు సరుకు లెక్క. వయసుకు అది హామీయే గాని రుచికి కాదు. అరిగిన పీపాలోని 18 ఏళ్ల సరుకు కన్నా మేలైన పీపాలోని 10 ఏళ్లది నయం కావచ్చు.

అసలు పరీక్ష ముక్కుదే. నిపుణులు మూతి సన్నని గ్లాసులో నీరు కలిపి, ఆల్కహాలు 20 శాతానికి దిగాక వాసన చూస్తారు. షెర్రీ పీపా ఎండుద్రాక్ష వాసన, బోర్బన్ పీపా వెనిలా వాసన ఇస్తాయి.

2025 జులై 24న సంతకాలైన భారత-బ్రిటన్ ఒప్పందం ప్రకారం 150 శాతం సుంకం తొలుత 75కు, పదేళ్లలో 40 శాతానికి దిగాలి. తెలంగాణలో టోకు వ్యాపారం ప్రభుత్వ కార్పొరేషన్‌ది. రాష్ట్ర పన్నులు వేరు. తగ్గిన సుంకమంతా చిల్లర ధరలో కనిపిస్తుందనుకోరాదు. లేబుల్ వయసును నమ్మి నిల్వలు పెంచే లైసెన్సుదారు చేతులు కాల్చుకోగలడు. పది పెట్టెలకు ఆర్డరు పెట్టేముందు ఒక్క సీసా విప్పి చూసుకోవడం చౌక బేరం.