రొయ్యల చెరువు లెక్కలో కూలి పద్దు ఏది?

కోస్తా జిల్లాల్లో ఏ మీటింగులో విన్నా ఒకటే మాట: రొయ్య డాలర్లు తెస్తోంది, రాష్ట్రం అభివృద్ధి అవుతోంది. రొయ్యల ఉత్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. ఇది అబద్ధం కాదు. కాని లెక్క సగమే చెబుతున్నారు. మిగతా సగం మనం చెప్పుకోవాలి.

ఎకరం వరి చేను సంగతి చూద్దాం. ఊడ్పులు, కలుపు, కోతలు, నూర్పిళ్లు. కూలి డబ్బులే కాదు, గేదెకు గడ్డి, పరిగె ఏరుకుంటే నాలుగు గింజలు, బోదెలో చేపలు. కోత మిషన్లు వచ్చి ఈ పని చాలా తగ్గింది, నిజమే. ఆ మిగిలిన పనిని చెరువు ఊడ్చేస్తుంది. మేతకు, కాపలాకు ఒకరిద్దరు, పట్టుబడి రోజున వల లాగే ముఠా, అంతే. ఆడకూలీలకు గట్టు మీద పనే లేదు. కొందరు రొయ్యలు వలిచే షెడ్లకు పోతున్నారు. పొద్దస్తమానం ఐసునీళ్లలో చేతులు పెట్టి, కిలో లెక్కన కూలి తెచ్చుకుంటున్నారు. రొయ్యల అమ్మకం జాతీయాదాయంలోకి ఎక్కుతుంది. పోయిన పనిదినాలు, పరిగె గింజలు ఎక్కడా ఎక్కవు. అందుకే ఉత్పత్తి పెరగడం వేరు, అభివృద్ధి వేరు అంటున్నాం.

రెండోది, ఒకడి ఖర్చు ఇంకొకడి నెత్తిన పడడం. చెరువులో పెట్టిన ఉప్పునీరు ఊటగా గట్టు దాటి పక్క చేలోకి దిగుతుంది. పైరు ఎర్రబడుతుంది. సన్నకారు రైతు రెండు పంటలు చూసి, విధిలేక తన చేను కూడా చెరువుకే కౌలుకిస్తాడు. వాడిన నీళ్లు మురుగు కాలవలో వదులుతారు. బావులు చెడిపోతాయి. పేటలో ఆడవాళ్లు బిందె నీళ్లు కొనుక్కోవాలి. ఈ ఖర్చు చెరువు యజమాని పుస్తకంలో ఉండదు. ఆర్థికవేత్తలు దీన్ని బాహ్య వ్యయం అంటారు. మన మాటల్లో, లాభం వాళ్లది, దండగ మనది.

మూడోది సుస్థిర అభివృద్ధి. ఇవాళ్టి అవసరం తీర్చుకుంటూ రేపటివాళ్ల నోటికాడ కూడు తీయకూడదని 1987లో బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పిన దాని సారం. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి టైగర్ రొయ్య పోయినప్పుడు ఎందరో చెరువులు వదిలేసి వెళ్లారు. 2009లో వనామీ వచ్చాక మళ్లీ తవ్వారు. డబ్బున్నవాడు మరో వ్యాపారం చూసుకుంటాడు. ఉప్పు తేలిన నేల ఎక్కడికి పోతుంది? దాని మీద బతికే కూలి ఎక్కడికి పోతాడు?

ఇవి మనం కల్పించిన మాటలు కావు. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఏం చెప్పింది? సాగుభూములను, ఊరుమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదంది. పాడుచేసినవాడే నష్టపరిహారం కట్టాలంది. మూసేసే చెరువుల్లో పనిచేసేవారికి అదనంగా ఆరేళ్ల జీతం ఇమ్మంది. ఆ తీర్పు పూర్తిగా అమలు కాలేదు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం తెచ్చి, తీరప్రాంత నిబంధనల్లో ఉన్న అడ్డు తీసేసింది. కోర్టు కాగితం మీద గెలిచిన పేదవాడు చట్టం కాగితం మీద ఓడిపోయాడు.

ఎకరమో రెండెకరాలో చెరువు వేసిన చిన్న రైతు మన శత్రువు కాడు. మేత ధర అతని చేతిలో లేదు, రొయ్య ధరా లేదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచితే ఇక్కడ గట్టు మీద ధర పడింది. అతన్ని మనతో కలుపుకోవాలి.

మనం అడగవలసినవి నాలుగు. రిజిస్ట్రేషన్ లేకుండా చెరువు నడపకూడదని 2005 చట్టమే చెబుతోంది. మీ ఊళ్లో ఎన్నింటికి ఉందో జాబితా పంచాయతీ గోడ మీద అంటించాలి. కొత్త చెరువు తవ్వే ముందు గ్రామసభలో కూలీల మాట వినాలి. చెడిన మంచినీళ్లకు చెరువు యజమానుల నుంచే ఖర్చు రాబట్టాలి. షెడ్లలో కనీస వేతనం ఇవ్వాలి.

ముందుగా ఒక పని చేద్దాం. చెరువులు రాకముందు ఏడాదికి ఎన్ని రోజులు పని దొరికేది, ఇప్పుడెన్ని, నీళ్లకు నెలకెంత పోతోంది, పేటలో ఇంటింటికీ తిరిగి రాసుకుందాం. వాళ్ల అభివృద్ధి లెక్క వాళ్లు చదివిన రోజున మన లెక్క కూడా సభలో చదవాలి.