జైలు గేటు దాటాక బస ఎక్కడ?

చెరసాలలో ఉన్నవారిని చూడడానికి వెళ్ళాలని మన సంఘాల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాం. మత్తయి 25వ అధ్యాయం మనలో చాలామందికి కంఠతా వచ్చు. కానీ ఆ చెరసాల నుంచి మనిషి బయటికొచ్చాక ఏం తిని బతకాలి, ఎక్కడ పని చేయాలి అన్నది మాత్రం మన ప్రార్థనాంశాల్లో కనిపించదు. ముఖ్యంగా రాజకీయ కేసుల్లో జైలుకెళ్ళి వచ్చిన పేదల గురించి మాట్లాడడానికే మనకు భయం.

పావగడనే తీసుకుందాం. కర్ణాటకలోని తుమకూరు జిల్లాలో ఉన్నా, ఆ తాలూకాకు చుట్టూ ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశే. ఇళ్ళల్లో, పొలాల్లో వినిపించేది ఎక్కువగా తెలుగే. 2005 ఫిబ్రవరిలో అక్కడి వెంకటమ్మనహళ్ళిలో రిజర్వు పోలీసుల క్యాంపుపై నక్సలైట్లు దాడి చేశారు. పోలీసులు చనిపోయారు. ఆ హత్యలను మేము సమర్థించం. తండ్రిని, భర్తను పోగొట్టుకున్న ఆ కుటుంబాల కన్నీళ్ళకూ దేవుని ముందు విలువ ఉంది. అయితే ఆ తర్వాత వచ్చిన కేసు ఏళ్ళ తరబడి సాగింది. విప్లవ కవి వరవరరావును పూణేలోని ఎరవాడ జైలు నుంచి ఆ కేసు కోసమే 2019లో పావగడకు తీసుకొచ్చారు. అప్పటికి ఘటన జరిగి 14 ఏళ్ళు! పేరున్న కవి కాబట్టి ఆయన గురించి పత్రికలు రాశాయి. అలాంటి కేసుల్లో ఇరుక్కున్న కూలివాడి గురించి ఎవరు రాస్తారు?

బెయిలు వచ్చినా, కేసు కొట్టేసినా అతను తిరిగి రావలసింది ఆ కరువు నేలకే. ఆ నేల కూడా మునుపటిలా లేదు. తిరుమణి, వళ్ళూరు, రాయచెర్లు, బాలసముద్రం, క్యాతగానచెర్లు గ్రామాల పరిధిలో సుమారు 13 వేల ఎకరాల్లో ఇప్పుడు సోలార్ పార్కు ఉంది. సామర్థ్యం 2,050 మెగావాట్లు. భూమి ఇచ్చిన రైతుకు ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయల చొప్పున కౌలు మొదలైంది. భూమి లేనివాడికి కౌలు రాదు. వేరుశనగ పీకే పని, కలుపు పని, గొర్రెలు మేపుకునే బీడు కూడా పోయాయి. కాపలా పనికో, పలకలు తుడిచే పనికో వెళ్దామంటే, పోలీసు వెరిఫికేషన్ అడిగే చోట కేసున్నవాడు గేటు దగ్గరే ఆగిపోతాడు. బెంగళూరుకు వలస పోదామంటే, వాయిదా రోజుకల్లా కోర్టులో ఉండాలి. ఒక వాయిదా అంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీ, వకీలు ఫీజు. తీర్పు రాకముందే అనుభవించే శిక్ష ఇది.

చదువుకున్నవారికీ ఇదే గతి. అమలాపురంలో పేద కుటుంబంలో పుట్టిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా 90 శాతం వైకల్యంతో ఏళ్ళ తరబడి నాగపూర్ జైల్లో ఉన్నారు. జైల్లో ఉండగానే 2021లో ఢిల్లీలోని కాలేజీ ఆయన ఉద్యోగం తీసేసింది. 2024 మార్చి 5న బాంబే హైకోర్టు ఆయనను నిర్దోషిగా ప్రకటించింది. పోయిన ఉద్యోగం తిరిగి రాలేదు. బయటికొచ్చిన ఏడు నెలలకే, అక్టోబరు 12న, హైదరాబాదు నిమ్స్‌లో కన్నుమూశారు. అదే కేసులోని ఆదివాసీ యువకుడు పాండు నరోటే ఆ తీర్పు వినకుండానే 2022లో ఖైదీగా ఉండగానే చనిపోయాడు.

నిర్దోషి అని తేలినవారికి పరిహారం పొందే హక్కును మన చట్టం స్పష్టంగా ఇవ్వలేదు. అలాంటి చట్టం కావాలని లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. అంతకుముందే, 2007 మక్కా మసీదు పేలుడు తర్వాత అన్యాయంగా పట్టుకున్న ముస్లిం యువకులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. ప్రభుత్వ దయ మీద ఆధారపడిన న్యాయం ఎంతకాలం నిలుస్తుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

మరి సంఘం మాటేమిటి? ఫిలేమోను పత్రిక ఒకసారి చదవండి. రాసినవాడు ఖైదీ. ఒనేసిము ఏమైనా బాకీ ఉంటే తన లెక్కలో వేయమన్నాడు. తాను విడుదలై వస్తాననే ఆశతో, తనకొక బస సిద్ధం చేయమని కూడా అడిగాడు. వర్ణవివక్ష కాలంలో దక్షిణాఫ్రికా క్రైస్తవులు ఆ పని చేసి చూపించారు. రాబెన్ ద్వీపం జైలుకు వచ్చే ఖైదీల కుటుంబాలకు, విడుదలైన ఖైదీలకు కేప్‌టౌన్‌లోని కౌలీ హౌస్‌లో బస దొరికేది. అక్కడి చర్చిల మండలి ఆ కుటుంబాలకు డబ్బు సాయం చేసింది.

మన దగ్గర స్టాన్ స్వామి గారు జార్ఖండ్‌లో విచారణ ఖైదీలుగా మగ్గుతున్న ఆదివాసీ యువకుల వివరాలు సేకరించి హైకోర్టుకు వెళ్ళారు. చివరికి తానే ఖైదీ అయ్యి, బెయిలు రాకుండానే 2021 జూలై 5న కన్నుమూశారు. ఆయన ఫొటోకు దండ వేసి ఊరుకుంటే సరిపోదు.

మేము అడిగేవి పెద్ద పనులు కావు. ప్రతి సంఘమూ పండుగ కానుకల్లో కొంత పక్కన పెట్టాలి. విడుదలైన మనిషికి మొదటి ఆరు నెలల బియ్యం, వాయిదాల బస్సు చార్జీలు, నాలుగు మేకలో ఒక కుట్టుమిషనో ఇవ్వడానికి అది చాలు. జామీను దొరక్క లోపలే ఉండిపోయినవారికి పెద్దలు జామీను నిలబడాలి. కన్నడ వచ్చిన యువత కోర్టు కాగితాలు తెలుగులో చదివి వినిపించాలి. మన సంస్థలు పని ఇచ్చేటప్పుడు, కేసు ఉందన్న ఒక్క కారణంతో తలుపు మూయకూడదు. హింసను వద్దనుకున్న మనిషికి కూలి కూడా దొరక్కపోతే, అతనితో శాంతి గురించి మాట్లాడే హక్కు మనకెక్కడిది?

పానదాయకుడు బయటికెళ్ళి యోసేపును మరచిపోయాడు. ఆ మరపు వల్ల యోసేపు మరో రెండేళ్ళు చెరసాలలోనే ఉండిపోయాడు. మన ఊళ్ళకు తిరిగొచ్చినవారిని మనం మరచిపోతే వారి చెరసాల కూడా అంతే పొడవవుతుంది. వచ్చే ఆదివారం మీ సంఘంలో ఈ ఒక్క ప్రశ్న అడగండి: మన ఊరికి తిరిగొచ్చినవారు ఎవరైనా ఉన్నారా, వారికి ఇప్పుడు పని ఉందా?