సీసా కొంటే బద్ధకమా?

కొన్న సాసు సీసా భోజనాల బల్లమీద కనబడితే చాలు, ఆ ఇంటి ఇల్లాలికి ఒళ్ళు వంగదని తీర్మానించేసే పెద్దమనుషులు కొందరున్నారు. పైగా, "జపాను ఆడవాళ్ళని చూసి నేర్చుకోండి, ఎంత ఓపికో!" అని ఉపదేశం ఒకటి. సరే, జపానుకే వెళదాం పదండి.

అక్కడ టొంకాట్సు అని ఒక వంటకం ఉంది. పంది మాంసం ముక్కకి మైదా, గుడ్డుసొన, రొట్టెపొడి పట్టించి నూనెలో వేయిస్తారు. (మనం తినకపోతే మానె, బంగాళాదుంప ముద్దనీ అలాగే వేయించి కొరొక్కే అంటారు.) పక్కన దారాల్లా తరిగిన పచ్చి క్యాబేజీ. పైన నల్లగా, చిక్కగా, తియ్యతియ్యగా, పుల్లపుల్లగా టొంకాట్సు సాసు. కూరగాయలు, పళ్ళు, వినెగరు, పంచదార, ఉప్పు, మసాలా దినుసులు, అన్నీ అందులోనే.

దీన్ని ఏ జపాను బామ్మా ఇంట్లో కాచి మనవరాలికి నేర్పలేదండీ! పుట్టడమే సీసాలో పుట్టింది. మెయిజీ చక్రవర్తి కాలంలో ఇంగ్లండు నుంచి నీళ్ళలాంటి ఉస్టర్ సాసు వచ్చింది. (అందులో చింతపండు పడుతుంది. ఆ గొప్ప మనకెవరూ ఇవ్వరనుకోండి!) జపాను వాళ్ళు దాన్ని తమ నోటికి తగ్గట్టు తియ్యగా మార్చుకున్నారు. 1948లో కోబె నగరంలోని ఆలివర్ సాసు కంపెనీ చిక్కటి రకాన్ని అమ్మకానికి పెట్టింది.

"ఇంట్లోనే చేసుకోవచ్చుగా?" అంటారు. చేసే విధానం ఎప్పుడైనా చదివారా? టమాటా కెచప్పు, ఉస్టర్ సాసు, సోయా సాసు తెచ్చి, పంచదార వేసి కలపమంటారు! ఒక సీసా కొంటే బద్ధకమట, మూడు సీసాల మూతలు తీసి గిన్నెలో పోస్తే స్వహస్తపాకమట. ఇదేం లెక్కో నాకైతే బోధపడలేదు.

కాగే నూనె ముందు నిలబడ్డదెవరు? అంత క్యాబేజీ తరిగిందెవరు? అది ఓపిక కాదా? ఆ పైన సాసు కూడా కాస్తేనే ఇల్లాలనిపించుకుంటుందా?

జపానులో చూసి నేర్చుకోవలసింది వేరే ఉంది. అక్కడి కొన్ని టొంకాట్సు హోటళ్ళలో, తినడానికి కూర్చున్నవాళ్ళ ముందు లోపల గీతలు గీసిన చిన్న పింగాణీ రోలూ, కర్ర రోకలీ, కాసిని వేయించిన నువ్వులూ పెడతారు. ఎవరి నువ్వులు వారే నూరుకుని, అందులో సాసు పోసుకుని కలుపుకోవాలి. ఎంత పెద్ద ఆఫీసరయినా సరే, బుద్ధిగా నూరుకోవలసిందే!

ఆ ఆచారం మన ఇళ్ళలో పెడదామనే ఉపదేశకులు ఎవరైనా ఉంటే చెప్పండి, రోలు నేనే కొనిపెడతాను.