కంది పండిన ఇంటికి పప్పు పొట్లం

తాండూరు: సంక్రాంతి దాటిందంటే కంది బస్తాలు కళ్లాల నుంచి మార్కెట్ యార్డుకు చేరుతుంటాయి. ఉగాది నాటికి అదే రైతు ఇంటి ఇల్లాలు అరకిలో కందిపప్పు కోసం కిరాణా కొట్టుకు వెళుతుంది. చేతిలో డబ్బు లేకపోతే ఉద్దెర. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ పప్పు త్వరగా ఉడుకుతుందని, రుచి ఎక్కువని పట్నాల్లో పేరడిగి మరీ కొంటున్నారు. పండించిన ఇంట్లో మాత్రం ఏ ఊరి పప్పు ఉడుకుతున్నదో పొట్లం కట్టిన వ్యాపారికే తెలియాలి.

ఇంటి ఖర్చు తగ్గించుకోవాలన్న మాట వస్తే సబ్బులు, టీపొడి, పండగ బట్టల మీదికే అందరి దృష్టీ పోతుంది. రైతు ఇంటికి అంతకంటే ముందు చూసుకోవలసిన పద్దు ఒకటుంది. తినే గింజను అమ్మి, మళ్లీ కొనుక్కోవడం వల్ల ఎంత పోతున్నది?

లెక్క ఇదీ

ఐదుగురున్న ఇంటికి నెలకు నాలుగు కిలోల పప్పు అనుకుంటే ఏడాదికి 48 కిలోలు కావాలి. పెద్ద మిల్లుల్లో క్వింటాలు కందులకు 70 నుంచి 75 కిలోల పప్పు వస్తుంది. ఊళ్లోని గిర్నీలో 65 కిలోలు వచ్చినా చాలు. అంటే 75 కిలోల కందులు ఇంట్లో ఉంచుకుంటే ఏడాది గడుస్తుంది. వర్షాధారపు పంటలో అది ఎకరం దిగుబడిలో చిన్న వాటా మాత్రమే.

2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు. ఆ ధరకు అమ్ముడుపోయే గింజను ఇంట్లో ఉంచుకుంటే పప్పు కిలోకు 123 రూపాయలు పడినట్లు. గిర్నీ కూలి అదనం. కొట్లో పప్పు 120 రూపాయలకే దొరికే రోజుల్లో ఇందులో మిగిలేదేమీ లేదు. అప్పుడు కందులు కొనుగోలు కేంద్రానికి వేసి పప్పు కొనుక్కోవడమే మేలు.

అయితే అందరి గింజా మద్దతు ధరకు పోవడం లేదు. 2025లో కందుల ధర చాలా మార్కెట్లలో మద్దతు ధర కంటే కిందికి జారింది. సుంకం లేకుండా కందుల దిగుమతికి ఇచ్చిన అనుమతిని కేంద్రం 2026 మార్చి 31 దాకా పొడిగించడం కూడా ధరను అణచింది. 6,500 రూపాయలకు అడ్తి వ్యాపారికి అప్పగించే గింజనే ఉంచుకుంటే పప్పు కిలో 100 రూపాయలకు పడుతుంది. కొట్టు ధరకూ దీనికీ ఉన్న తేడా ఆ ఇంటిదే. పొట్టు, నూక బర్రెకు దాణా అవుతాయి.

అంతకు ముందటి ఏడాది సంగతి వేరు. 2024 జూన్‌లో దేశంలో కందిపప్పు సగటు చిల్లర ధర కిలో 160 రూపాయల దరిదాపుల్లో ఉంది. ఆ నెల 21న వ్యాపారుల నిల్వలపై కేంద్రం పరిమితి పెట్టవలసి వచ్చింది. ధర ఏ ఏడు ఎటు పోతుందో యార్డులో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో బస్తా ఉన్న కుటుంబానికి ఆ ఏడాది పప్పు ధరతో పని ఉండదు. అసలు లాభం ఇదే.

అప్పు ఉంటే?

ఇది తెలియక కాదు రైతులు అమ్ముకుంటున్నది. ఎరువులకు, విత్తనాలకు తెచ్చిన అప్పు కళ్లంలోనే కాచుకుని ఉంటుంది. 75 కిలోల కందులకు 6,500 ధరన వచ్చేది 4,875 రూపాయలు. ఆ సొమ్ము అప్పుకు కట్టకుండా గింజ ఉంచుకుంటే, నూటికి రెండు రూపాయల వడ్డీ చొప్పున మొదట్లో నెలకు దాదాపు 98 రూపాయలు పెరుగుతుంది. పప్పు కొనే డబ్బును నెలనెలా అప్పుకు జమ వేస్తూ పోతే ఏడాదికి వడ్డీ 600 రూపాయలలోపే. పప్పు కిలోకు 12 రూపాయల భారమన్నమాట. మహిళా సంఘంలో రూపాయి వడ్డీకి తెచ్చి పాత అప్పు తీర్చుకుంటే ఆ భారం సగమవుతుంది. నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీ కడుతున్నవారు మాత్రం ముందు అప్పు వదిలించుకోవడమే మంచిది. వారికి బస్తా దాచుకోమని చెప్పడం తేలిక, దాచుకోవడం కాదు.

భూమి లేని కూలి కుటుంబాలకు కూడా దారి లేకపోలేదు. రెండు మూడిళ్లవారు కలిసి కళ్లం దగ్గరే ఒక క్వింటాలు కొనుక్కుంటే, రైతుకు యార్డు దాకా బండి కిరాయి, హమాలీ తప్పుతాయి. వీరికి కొట్టు లాభం మిగులుతుంది.

పురుగు భయం

గింజ ఉంచుకోవడానికి ఆడవాళ్లు వెనకాడేది పురుగుకు. కందిని తొలిచే పురుగు చేనులోనే కాయ మీద గుడ్లు పెడుతుంది. అందుకే కందులను గింజగానే నెలల తరబడి ఉంచితే పుచ్చిపోతాయి. బద్ద చేసిన పప్పును ఈ పురుగు అంతగా ఆశించదు. వేసవి ఎండలు పోకముందే గింజను గలగలలాడేటట్లు ఎండబెట్టి, పప్పు చేయించి, మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పోసుకోవాలి. విత్తనానికి అట్టిపెట్టిన కందులకు కిలోకు ఒక చెంచా ఆముదం పట్టిస్తే సరిపోతుంది. తినే గింజలో పురుగుమందు పొడి కలపరాదు.

పూర్వం నానబెట్టి, ఎర్రమట్టి పూసి, ఎండబెట్టి ఇసుర్రాయి మీద విసిరేవారు. ఆ పప్పు రుచి గురించి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. విసిరిన చేతుల నొప్పి గురించి మాత్రం ఎవరూ చెప్పరు. ఆడవాళ్ల రెక్కల కష్టానికి లెక్క కట్టకుండా పొదుపు అనుకోవడం సరికాదు. గిర్నీకి పట్టించడమే నయం. గిర్నీ లేని ఊళ్లలో సంఘం సభ్యులందరి కందులూ ఒకే బండికి వేసి తాండూరు మిల్లుకు పంపితే కిరాయి తలా కొంత పడుతుంది. అయితే మిల్లులో ఎవరి గింజకు వారి పప్పే ఇస్తారా, బదులు పప్పు తూచి ఇస్తారా అన్నది బండి కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.