విచారణలో అడిగేదెవరు?

తెలుగు కథోలికులం పారిష్‌ను ‘విచారణ’ అంటాం. విచారించడమంటే అడిగి తెలుసుకోవడం. మరి మన విచారణల్లో అడిగేదెవరు? ఫాదర్ మాట్లాడతారు, మనం వింటాం. పూజ అయ్యాక చెప్పులు వెతుక్కొని ఇంటికి పోతాం.

యువకులు గుడికి రావడం లేదని పెద్దలు బాధపడతారు. వాళ్ళు చెప్పే మందు కొత్త మైకు, కొత్త టైల్సు, పండుగకు పెద్ద పందిరి. నేను ఒప్పుకోను. పిల్లలు నోరు విప్పని తరగతిలో గోడలకు రంగు వేస్తే చదువు వస్తుందా? టీచర్లం, మనకు తెలియదా?

ప్రభువు బోధించిన తీరు చూడండి. విత్తనం, వల, తప్పిపోయిన గొర్రె. వినేవాళ్ళ పనిపాటల్లోంచే కథ తీశారు. మధ్యమధ్య వాళ్ళనే ప్రశ్నలు అడిగారు.

మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలీల కథ ఉంది. పొద్దున వచ్చినవాడికీ, పొద్దుగూకే ముందు వచ్చినవాడికీ ఒకటే కూలి. గోదావరిఖనిలో పర్మినెంటు కార్మికుడు, కాంట్రాక్టు కార్మికుడు గుడిలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. తవ్వేది ఒకే బొగ్గు, జీతాలు మాత్రం రెండు రకాలు. ఆ తోటను బొగ్గు బాయిగా ఊహించి, ‘ఇది న్యాయమేనా?’ అని ఇద్దరినీ అడిగితే ఆ రోజు ప్రసంగంలో ఎవరికి కునుకు పడుతుంది? ఓపెన్‌కాస్టు కింద ఊరు పోయిన అవ్వను వాగ్దాన భూమి గురించి అడగండి. ఆమె చెప్పేది ఏ ప్రసంగాల పుస్తకంలోనూ దొరకదు.

‘ఇది గుడి, యూనియన్ ఆఫీసు కాదు’ అంటారు కొందరు. పోప్ ఫ్రాన్సిస్ 2020లో అమెజాన్ ప్రాంతం గురించి రాసిన లేఖలో నాలుగు కలలు చెప్పారు. పేదల హక్కులు, సంస్కృతి, ప్రకృతి, ఆ నేల ముఖమున్న శ్రీసభ. రోములో కల కంటే తప్పు లేదు, రామగుండంలో కంటే తప్పా?

గోండీ పాట, డోలు వస్తే విశ్వాసం చెడుతుందంటారు ఇంకొందరు. రెండవ వాటికన్ మహాసభ 1963లోనే పూజలో ప్రజల భాషకు తలుపు తీసింది. మన దగ్గర 1940లలో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులకు గోండీలోనే టీచరు శిక్షణ ఏర్పాటు చేయించారు. మన మాటలో చెబితే అక్షరం చెడిపోలేదు, అర్థమైంది. సువిశేషమూ అంతే.

నాగోబాకు మొక్కే మా బంధువులను గుడికి లాగడానికి నేనీ మాట అనడం లేదు. ‘మీ గుడిలో మన భాష ఎందుకు వినపడదు?’ అని వాళ్ళు అడుగుతారు. ఆ ప్రశ్నకు తల వంచుకోవడం నాకు చాలైంది.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, గుడి వదిలి పోయే ముందు ఒక్క ప్రశ్న అడిగి చూడండి. టీచర్లారా, పూజ తరువాత అరగంట చాపలు పరిపించండి. అందరూ గుండ్రంగా కూర్చోవాలి. ముందు ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, కాంట్రాక్టు కూలీలు మాట్లాడాలి. ఫాదర్ చివర మాట్లాడాలి. అన్నిటికీ జవాబు దొరకకపోవచ్చు. విచారణ అన్న పేరైనా నిజమవుతుంది.