మా శ్రీకాకుళం ఓటరు అమ్ముడుపోయాడా?

ఎన్నికల ఫలితాలు వచ్చిన ప్రతిసారీ మా ఆఫీసు కేంటీన్లో ఓ మేధావి తయారవుతాడు. "మీ శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకేం తెలుసండీ, ఎవడు పంచితే వాడికి వేస్తారు, లేదంటే కులం చూసి వేస్తారు" అని తీర్పు చెప్పేస్తాడు. స్టెప్స్ లేకుండా ఎవరైనా బగ్ పెడితే ఊరుకోని మనిషి, రెండు జిల్లాల జనం మీద మాత్రం ఏ ఆధారం లేకుండానే మాట పారేస్తాడు. వినీ వినీ విసుగొచ్చి ఈ టపా.

ముందు లెక్క చూద్దాం. పాత రెండు జిల్లాలూ కలిపి 19 అసెంబ్లీ సీట్లు. 2009లో కాంగ్రెస్ 16 గెలిచింది. 2014లో ఆ కాంగ్రెస్‌కి సున్నా, తెలుగుదేశానికి 13. 2019లో తెలుగుదేశం 2కి పడిపోయింది, వైకాపాకి 17. 2024లో వైకాపాకి సున్నా, తెలుగుదేశం కూటమికి మొత్తం 19. 2009 నుంచే ఎందుకంటే, నియోజకవర్గాల హద్దులు మార్చాక వచ్చిన మొదటి ఎన్నిక అది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో కులం ఎక్కడుంది? తూర్పు కాపు, కొప్పుల వెలమ, పోలినాటి వెలమ, కాళింగ, ఇక్కడ బలమైన కులాలన్నీ బీసీలే. 2014కీ 2019కీ మధ్య ఈ కులాల జనాభా ఏమీ మారలేదు కదా! ఫలితం మాత్రం తిరగబడింది. అభ్యర్థిని ఎంచేటప్పుడు పార్టీలు కులం చూస్తాయి, నిజమే. గెలుపోటములు మాత్రం దాంతోనే తేలడం లేదు.

పోనీ పంచినవాడికే వేశారా? 2019 ఎన్నికల ముందు డ్వాక్రా మహిళలకి పసుపు-కుంకుమ పేరుతో తలా 10,000 ప్రకటించి చెక్కులిచ్చిన ప్రభుత్వం ఓడిపోయింది. తర్వాత అయిదేళ్ళు బటన్ నొక్కి ఖాతాల్లో డబ్బు వేసిన ప్రభుత్వం 2024లో ఇంకా ఘోరంగా ఓడిపోయింది. 2009లో ఉన్న ప్రభుత్వాన్నే మళ్ళీ గెలిపించారుగా అంటారా? ఒప్పుకుంటాను. కానీ తర్వాత వరసగా మూడుసార్లు దింపేశారు.

ఉద్దానం సంగతి చూడండి. కిడ్నీ జబ్బుతో దశాబ్దాలుగా ఊళ్ళకి ఊళ్ళు కుళ్ళిపోతుంటే, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, 700 కోట్ల మంచినీళ్ళ పథకం ప్రారంభించారు. ఆర్నెల్లు తిరక్కుండానే పలాసలో అప్పటి మంత్రి ఓడిపోయారు. "చూశారా, విశ్వాసం లేని జనం" అన్నాడు మా మేధావే! అంటే డబ్బు తీసుకుని వేస్తే అమ్ముడుపోయినట్టు, పని చేయించుకుని కూడా వెయ్యకపోతే కృతఘ్నులు. ఇదెక్కడి న్యాయం? నీళ్ళివ్వడం ప్రభుత్వం చెయ్యాల్సిన పని, దానికి ఓటు కిస్తీ కట్టాలా?

"రాష్ట్రమంతా వీచిన గాలే కదా" అనొచ్చు. మరి రాష్ట్రమంతా ఒకేలా వేస్తే మావాళ్ళనే ఎందుకు వెక్కిరిస్తారు? పైగా 2019 గాలిలోనే శ్రీకాకుళం లోక్‌సభ కింద ఉన్న 7 అసెంబ్లీ సీట్లలో 5 వైకాపాకి ఇచ్చి, ఎంపీగా రామ్మోహన్ నాయుడిని 6,653 ఓట్లతో గెలిపించారు. రెండు ఓట్లు రెండు వైపులా వేసేవాళ్ళు ఇక్కడ తక్కువేం కాదన్నమాట.

అమెరికాలో ఉన్న మిత్రులకి ఓ పోలిక. కాన్సాస్ రాష్ట్రం 1964 తర్వాత అధ్యక్ష ఎన్నికల్లో ఒక్కసారి కూడా డెమొక్రాట్లని గెలిపించలేదు. అక్కడి పల్లె కౌంటీలు చాలావాటిలో ఫలితం ముందే తెలిసిపోతుంది. దాన్ని మనవాళ్ళు "రాజకీయ విశ్వాసాలు" అని గౌరవంగా అంటారు. అయిదేళ్ళకోసారి లెక్క చూసి దింపేసే మావాళ్ళు మాత్రం అమాయకులు!

అసలు జబ్బు వేరే ఉంది. ఓటరు మారుతున్నాడు గానీ ఇళ్ళు మారడం లేదు. విజయనగరంలో పూసపాటి వారు మూడో తరం. పలాస వైపు గౌతు వారిదీ మూడో తరమే. కింజరాపు వారింట్లో ఎర్రన్నాయుడు, తమ్ముడు, కొడుకు. అటుపక్క ధర్మాన అన్నదమ్ములు, బొత్స వారి కుటుంబం. రెండు పక్క పక్క నియోజకవర్గాల నుంచి ఇద్దరు కేంద్ర విమానయాన మంత్రులొచ్చారు. భోగాపురం విమానాశ్రయానికి మాత్రం 2019లో ఒకరు, 2023లో ఇంకొకరు శంకుస్థాపన చేశారు. ఓటరు చేతిలో ఉన్నది దింపే అధికారమే, ఎవరు నిలబడాలో తేల్చేది వేరేవాళ్ళు. మా చిన్నాన్న మాటల్లో, "ఈడు కాపోతే ఆడు, ఇంకేటి సేత్తాం?"

మరి మనం? పోయినసారి పోలింగ్ 2024 మే 13, సోమవారం. శని, ఆదివారాలతో కలిపి మూడు రోజులు దొరికాయి. హైదరాబాదులో మేస్త్రీ పని చేసే మా ఊరివాళ్ళు కూలి పోగొట్టుకుని, జనరల్ బోగీలో నిలబడి వెళ్ళి ఓటేసి వచ్చారు. మా మేధావికి అసలు ఓటరు లిస్టులో పేరే లేదు, ట్రాన్స్‌ఫర్ చేయించుకోవడానికి తీరిక లేదట.

ఆయన ఈసారి మావాళ్ళ తెలివి గురించి మాట్లాడే ముందు తన ఓటరు కార్డు చూపించాలి. తర్వాత ఎంతసేపైనా వింటాను.