కొన్న ప్రాజెక్టు కన్నా కట్టిన లైట్లే మేలు

అమెరికాలో క్రిస్మస్ వచ్చిందంటే కొందరు గ్యారేజీ తలుపునే తెర చేసి, ఎల్‌ఈడీలతో బొమ్మలు ఆడిస్తారు. మీకు హాస్టల్ గోడ చాలు. ఫైనలియర్ ప్రాజెక్టు కొనేబదులు ఇది కట్టండి.

లెక్క చూడండి. డబ్ల్యూఎస్2812బీ ఎల్‌ఈడీ ఒక్కోటి ఫుల్ తెలుపులో సుమారు 60 మిల్లీఆంపియర్లు లాగుతుంది. 300 పెడితే 18 ఆంపియర్లు, అంటే 5 వోల్టుల దగ్గర 90 వాట్లు! ఒక వైపు నుంచే కరెంటిస్తే వోల్టేజీ పడిపోయి, అవతలి చివర తెలుపు కాస్తా ఎర్రబారుతుంది. రెండు వైపులా ఇవ్వాలి. ఈఎస్‌పీ32లో డబ్ల్యూఎల్‌ఈడీ వేస్తే కోడ్ రాయకుండానే వెలుగుతాయి, కానీ అక్కడే ఆగిపోకండి.

‘ప్రాజెక్టులో ఏం ఇబ్బంది వచ్చింది?’ అని ఇంటర్వ్యూలో అడిగితే కొన్నవాళ్లు నీళ్లు నమలాల్సిందే. మీరు ఆ ఎర్రబారిన చివర గురించి చెప్పొచ్చు. ముందు 30 లైట్లతో మొదలెట్టండి, 2 ఆంపియర్ల ఫోన్ చార్జర్ సరిపోతుంది.